రోమక సువర్ణనాణెములు: అచ్చుదిద్దుబాటులు, టంకశాలా సంకేతములు

కృష్ణానదికి ఉత్తరమున, నందిగామ జగ్గయ్యపేటలు గల మెట్టసీమలో, వీరులపాడునకు సమీపమున అల్లూరను గ్రామము గలదు. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండిన యీ సీమ 2022 వ సంవత్సరమున ఎన్.టి.ఆర్. జిల్లాలో జేరినది. అల్లూరియందు దొరకిన బ్రాహ్మీలిపి ప్రాకృతశాసన మొకటి పూర్వశైలీయులను బౌద్ధశాఖవారికి జేసిన దానములను బేర్కొనుచున్నది. పొలములు, గోవులు, బండ్లు, దాసదాసీజనము, పాత్రలు, అక్షయనీవిగా వేయి పురాణములు అందు జెప్పబడినవి. వానితోపాటు ‘యోనక’ మైన దీప మొకటి యున్నది. యోనక మనగా యవనసంబంధమైనది. సముద్రము దాటి వచ్చినదో, యవనరీతిని జేయబడినదో, అట్టి దీప మొకటి యీ మెట్టపల్లెలోని విహారమున నుండెనని ఆ యొక్క పదమువలన దెలియుచున్నది.

శాసనకర్త దీపమని మాత్రమే వ్రాసి యూరకున్నచో నేటి చరిత్రకారునకు దానివలన గలుగు ప్రయోజనము స్వల్పము. చిన్న విశేషణ మొకటి వస్తువునకు జన్మస్థానము నిచ్చినది. పడమటి దేశములనుండి తెలుగుసీమకు వచ్చిన బంగారు నాణెములయందును ఇట్టి విశేషణములు గలవు. అవి చక్రవర్తి ముఖముచుట్టు నుండు పెద్దయక్షరములు గావు. వెనుకవైపున, బొమ్మ పాదములక్రింద, ఒక మూలను, పంక్తి తుదిని నిలిచియుండు చిన్నయక్షరములు. ఆ యక్షరములనే యొక్కొక్కప్పుడు టంకశాలలో జెరిపి దిద్దిరి. నాణెమును జూచిన వారందరును చక్రవర్తి పేరు చదువుదురు; చిన్నయక్షరములను జదువువా రరుదు; దిద్దుబాటును గుర్తించువారు మరియు నరుదు. దిద్దుబాటును దోషముగా భావించుట లోకసహజము. కాని నాణెపరీక్షయందు అది దోషముగాక సాక్ష్య మగునని చూపుట యీ వ్యాసమునకు బ్రయోజనము.

తెలుగుదేశమున దొరకిన రోమక సువర్ణమును ముందుగా స్మరింపవలెను. పదునెనిమిదవ శతాబ్ది చివరి పాదమున నెల్లూరు సమీపమున నొక కాపు పొలము దున్నుచుండగా నాగలికి ఇటుకకట్టడ మడ్డుపడెను. త్రవ్వి చూడగా చిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద నొక చిన్న కుండయు, అందు రోమక సువర్ణనాణెములును కనబడెను. అతడు వానిని పాతబంగారముగా విక్రయించెను. పెక్కులు మూసలో గరగిపోయెను. ముప్పదికి మించినవి మాత్రము ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరాకు జేరెను. ట్రేజను, హేడ్రియను, ఫౌస్టినా యనువారి పేరులు వానిలో గలవని ఆసియాటిక్ రిసర్చెస్ రెండవ సంపుటమున బ్రకటింపబడినది. కొన్ని టంకశాలనుండి యప్పుడే వచ్చినట్లు తళతళలాడుచుండెనట. కొన్నిటికి బెజ్జములు గలవట. కరగిన వానిపై నేయే యక్షరము లుండెనో యిక దెలియు నుపాయము లేదు.

కృష్ణ కీవలి యొడ్డున, నేటి పల్నాడుజిల్లాలోని వినుకొండయందు 1889 వ సంవత్సరమున పదునైదు సువర్ణనాణెములు దొరకెను. టైబీరియసు మొదలు కారకల్లా వరకు గల చక్రవర్తులవి యవి. అనగా రమారమి రెండువందల యేండ్ల కాలపు ముద్ర లొక్కచోట గూడినవి. నాగార్జునకొండ త్రవ్వకములందు టైబీరియసు నాణెమును, ఆంటోనైనసు పయసు భార్యయగు ఫౌస్టినా నాణెమును వెలువడినవి. పాలమూరుసీమలోని వీపనగండ్లయందు తరువాతి కాలపు తూర్పురోమక సువర్ణమును, దానికి అనుకృతులును దొరకినవి. 1877 లో అమరావతియందు ద్రవ్వకములు సాగించిన రాబర్టు స్యూయలు దొర 1904 వ సంవత్సరమున భారతదేశములోని రోమకనాణెముల పట్టిక నొకదానిని లండను రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో బ్రకటించెను. ఆంధ్రదేశపు రోమకనాణెములపై పరమేశ్వరిలాల్ గుప్త రచించిన గ్రంథమును రాష్ట్రప్రభుత్వము 1965 లో హైదరాబాదునుండి వెలువరించినది. ఈ పట్టికలు లేకున్నచో నేడు చెప్పుటకు ఆధారమే యుండదు. కాని సామాన్యముగా చరిత్రగ్రంథములలోనికి వానినుండి దిగునవి మూడే: చక్రవర్తి పేరు, లోహము, సంఖ్య. తక్కినది పట్టికలోనే నిలిచిపోవుచున్నది.

సంస్కృతప్రాకృతములు గూడ నీ నాణెములను ఎరిగినవి. రోమకుల ‘డెనారియసు’ శబ్దమే మనకు ‘దీనార’ మైనది. రోమునందు అది వెండినాణెము. ఇచ్చట దీనారము బంగారు నాణెమునకు రూఢమైనది. అమరసింహుడు నిష్కశబ్దమునకు దీనారార్థమును గూడ జెప్పినాడు. నాగార్జునకొండ శాసనములలో ఉజ్జయినీ రాజకుమారి యగు రుద్రధరభట్టారిక స్తంభస్థాపనతోపాటు నూటడెబ్బది ‘దీనారిమాషక’ముల నిచ్చెనని గలదు. శబ్దము వచ్చినత్రోవనే వస్తువును వచ్చినది. వస్తువుతో నక్షరములును వచ్చినవి. శబ్దమునకు వ్యుత్పత్తి చెప్పునట్లే నాణెమునకును వ్యుత్పత్తి చెప్పవలసియున్నది.

ఆ వ్యుత్పత్తికి మొదటి మెట్టు తూకము. అగస్టసు కాలమున నొక రోమకపౌనునకు నలుబది, నలుబదిరెండు బంగారునాణెములు కొట్టబడుచుండెను. నీరో నలుబదియైదు గొట్టించెను, కారకల్లా యేబది, డయోక్లీషియను అరువది. నాలుగవ శతాబ్ది యారంభమున కాన్‌స్టాంటైను డెబ్బదిరెండు గొట్టించి, ఆ కొత్త నాణెమునకు ‘సాలిడసు’ అను పేరు వచ్చునట్లు చేసెను. సాలిడస నగా ఘనమైనది, నిండైనది. అది రమారమి నాలుగున్నర గ్రాములు తూగును. దానిని ఇరువదినాలుగు ‘సిలిక్వా’లుగా లెక్కించుచుండిరి. గ్రీకుభాషలో నా గింజకు కెరేషియ నని పేరు. కంసాలు లిప్పటికిని మేలిమిని ఇరువదినాలుగు క్యారట్లతో లెక్కించుట కదియే మూల మందురు. ఈ సాలిడసు తూకము తూర్పురోమక రాజ్యమున పదవ శతాబ్దివరకును దాదాపు చెక్కు చెదరలేదు. ఆరవ శతాబ్దిలో కాస్మసను వర్తకతాపసుడు, రోమకుల బంగారునాణెము భూమి యీ కొననుండి యా కొనవరకు చెల్లుచున్నదని వ్రాసినాడు.

తూకమును అక్షరముతో జెప్పు సంప్రదాయము వారికి గలదు. గ్రీకులు తమ వర్ణములనే యంకెలుగా వాడిరి. మన కటపయాది సంఖ్యాపద్ధతి నెరిగినవారి కిది వింతగాదు. అయితే కటపయాదియందు వర్ణము స్థానమునుబట్టి విలువ మారును. గ్రీకులందు ప్రతివర్ణమునకును స్థిరమైన విలువ గలదు. క్సీ యను వర్ణమునకు అరువది, ఒమిక్రానునకు డెబ్బది, బీటాకు రెండు. డయోక్లీషియను నాణెములు కొన్నిటిపై క్సీవర్ణము కనబడుచున్నది. పౌనునకు అరువది యని దాని యర్థము. క్రీ. శ. 367-368 ప్రాంతమున వాలెంటీనియను, వాలెన్సు అను సోదరచక్రవర్తులు పన్నుగా వచ్చిన బంగారమును గరగించి శుద్ధిచేసిన పిదపనే మరల నాణెములుగా గొట్టవలెనని కట్టుదిట్టములు చేసిరి. అప్పటినుండి సాలిడసుపై ఓ, బీ అను రెండక్షరములు కానవచ్చును. అవి ‘ఓబ్రిజియాకము’ అను శబ్దమునకు సంక్షేపములు. పుటము పెట్టిన బంగార మని యర్థము. మన భాషలో అపరంజి యనదగును. అయినను ఓ యన డెబ్బది, బీ యన రెండు, కలిపిన డెబ్బదిరెండు. మేలిమియు తూకమును ఒక్క జంటయక్షరములందే యిమిడినవి. ఆలంకారికులు దీనిని శ్లేష యనకుండ నుండలేరు.

ఆ రెండక్షరములకు ముందు టంకశాల పేరు సంక్షేపముగా నుండును. కాన్‌స్టాంటినోపులునకు సీ, ఓ, ఎన్ అను మూడక్షరములు. ఓబీతో గూర్చిన ‘కోనోబ్’ అగును. ట్రియరు పట్టణమునకు టీ, ఆర్, గూర్చిన ‘ట్రోబ్’. థెస్సలోనికకు ‘టెసోబ్’. పడమటి రాజ్యమున ‘కోమోబ్’ అని యుండును. అందలి తొలిభాగము చక్రవర్తి పరివారముతో సంచరించు ధనాగారమును సూచించునని పెక్కుర మతము. అప్పుడు పట్టణమును దెలుపుటకు నాణెముమధ్యను, బొమ్మ కిరువైపుల, రెండక్షరములు నిలుపుదురు: రవెన్నాకు ఆర్, వీ, మిలానునకు ఎం, డీ, రోమునకు ఆర్, ఎం. కాలక్రమమున కోనోబ్ అనునది యెంత ప్రసిద్ధమైనదనగా ఇతర పట్టణములవారును దానినే చెక్కసాగిరి. థెస్సలోనికలో గొట్టిన తరువాతి సాలిడసులపై కోనోబ్ అని యుండి, మధ్యభాగమున రెండు నక్షత్రములు మాత్రము భేదకములుగా నిలిచినవి. యోగార్థము పోయి రూఢ్యర్థము మిగిలినదన్నమాట. కావున కోనోబ్ అని చదివినంతమాత్రమున నది కాన్‌స్టాంటినోపులు నాణెమని నిర్ణయింపరాదు.

ఇక కాన్‌స్టాంటినోపులు టంకశాలలో పది కర్మశాలలు గలవు. ప్రతికర్మశాలకు నొక గ్రీకువర్ణము సంఖ్యగా నుండును. ఆల్ఫా యన నొకటవది, బీటా రెండవది, గామా మూడవది, డెల్టా నాలుగవది, ఎప్సిలాను ఐదవది. ఆరవదానికి ‘స్టిగ్మా’ యను ప్రత్యేకచిహ్నము. అది లాటిను ఎస్ అక్షరమును బోలియుండును. కావున దానిని ఎస్ అని చదివినవారు భ్రాంతి పడుదురు. జీటా వర్ణక్రమమున నారవదైనను సంఖ్యాక్రమమున నేడవది. పదవది అయోటా. ఐదవ శతాబ్దపు సాలిడసుల వెనుకవైపున విజయలక్ష్మి నిలువెత్తున నిలిచి పెద్దశిలువను బట్టుకొనియుండును. చుట్టును ‘విక్టోరియా’ అనియు, తరువాత ఏ, వీ, జీ, జీ, జీ అనియు నుండును. ఆ తుదిని కర్మశాలావర్ణము. ఏ కర్మశాలనుండి తక్కువతూకపు నాణెము వెలువడినను బాధ్యు డెవడో యీ వర్ణమువలన దెలియవచ్చునని విద్వాంసుల యభిప్రాయము.

వ్యాకరణశాస్త్రమున నీ సంకేతములకు దగిన పోలిక యున్నది. పాణిని ప్రత్యయములకు అనుబంధములను గూర్చినాడు. అవి ప్రయోగమున వినబడవు. ఇత్సంజ్ఞ పొంది లోపించును. అయినను వృద్ధియో గుణమో స్వరమో వానివలననే నిర్ణయ మగును. చక్రవర్తి నామము ప్రకృతివంటిది. దానిని లోకము వినును. కర్మశాలావర్ణము అనుబంధమువంటిది, సంతలో నెవడును దానిని జదువడు, కాని నాణెముయొక్క ప్రక్రియ యంతయు నందే యున్నది. అనుబంధము నెరుగనివాడు రూపమును జూచును గాని సిద్ధిని జూడజాలడు.

పైని జెప్పిన జీ యక్షరము మూడుమారు లుండుట గూడ వ్యాకరణవిషయమే. ‘అగస్టసు’ అనుదానికి ఏ, వీ, జీ యనునది సంక్షేపము. చక్రవర్తి యొక్కడైన నొక జీ, ఇద్దరైన రెండు, మువ్వురైన మూడు. లాటినుభాషయందు నామములకు ద్వివచనము లేదు. నాణెములపై మాత్రము ఏకవచన ద్వివచన బహువచనములు మూడును కనబడుచున్నవి! తరువాత మూడు జీలు అలవాటుగా నిలిచిపోయెను. అనస్టేసియసు (491-518) ఒక్కడే యేలినవాడు. అతని నాణెములపైనను మూడు జీలే. ఇచ్చటను బహువచనము రూఢిచే నిలిచినది. కావున జీల సంఖ్యనుబట్టి కాలమును నిర్ణయించుట నాలుగవ శతాబ్దమున సాధ్యము. ఐదవ శతాబ్ది గడచుకొలది అసాధ్యము.

దిద్దుబాటు లెట్లు పుట్టునో తెలియుటకు నాణెము గొట్టు విధానము నెరుగవలెను. క్రిందియచ్చు దాగలియందు బిగింపబడియుండును. సామాన్యముగా చక్రవర్తిముఖ మందు జెక్కబడును. పైయచ్చు చేతబట్టుకొనునది, వెనుకవైపు బొమ్మ దానియందుండును. కాల్చిన బంగారుబిళ్ల నడుమ నుంచి పైయచ్చుపై సమ్మెటతో గొట్టుదురు. దెబ్బ నేరుగా దినునది పైయచ్చు గావున నది త్వరగా చెడును. ఒక్క క్రిందియచ్చుతో రెండుమూడు పైయచ్చులు మారుట సహజము. అచ్చులో నక్షరములు తలక్రిందుగాక కుడియెడమలు మారి, లోతుగా జెక్కబడును. నాణెముపై నవి సరియై, ఉబ్బుగా లేచును. అచ్చులో ద్రవ్విన దేదైనను నాణెముపై నుబ్బును. అచ్చులో మిగిలిన దేదైనను నాణెముపై పల్లమగును. ఈ యొక్క సూత్రము మనసున నుంచుకొనిన దిద్దుబాటుల రహస్యము విడివడును.

మూడవ కర్మశాలకై గామా చెక్కిన యచ్చు నైదవ కర్మశాల కీయవలసివచ్చిన దనుకొందము. గామాకు నిలువుగీటును పైయడ్డగీటును గలవు. మరి రెండడ్డగీటులు చేర్చిన ఎప్సిలా నగును. అట్టి దిద్దుబాటు సులభము, కనుగొనుట కష్టము. కొత్తగీటుల లోతును మందమును పాతగీటులకంటె భిన్నముగా నుండుటయే గురుతు. ఆల్ఫాకు అడుగున నొక గీటు చేర్చిన డెల్టా యగును. ఈ నాణెములపై ఆల్ఫాకు నడిమిగీటు తరుచుగా నుండదు గావున నింకను సులభము. కాని బీటాను గామాగా మార్చవలెనన్న చేర్చుట చాలదు, చెరుపవలెను. లోతైన గీటును చెరుపుట కొకటే మార్గము: చుట్టునున్న లోహమును గీకియో నలుగగొట్టియో సమము చేయుట. గీకినచోట నచ్చు పల్లమగును. నాణెముపై నచ్చట చిన్న గుబ్బ లేచును. ఆ గుబ్బపై కొత్తయక్షరమును, దాని ప్రక్కను చావని పాతయక్షరపు గీటుల జాడయు గనబడును. పాతయచ్చును కొత్తచక్రవర్తి పేరునకు మార్చినపు డేర్పడు లక్షణములును ఇవియే. కాన్‌స్టాంటినసు, కాన్‌స్టాంటియసు అనువానికి నడుమ నొక్క ఎన్ మాత్రమే భేదము. జస్టినసు, జస్టినియానసు అనువానికి మూడక్షరములు భేదము. ఇట్టిచోట్ల నొక్కొక్క గీటును బరీక్షింపక చక్రవర్తిని నిర్ణయించుట సాహసము.

తామ్రశాసనములను జదివినవారికి ఈ పరీక్ష కొత్తగాదు. రేకుపై దప్పుచెక్కిన యక్షరమును సుత్తితో నణచి దానిపై మరల జెక్కుట శిల్పుల యాచారము. క్రిందియక్షరపు జాడనుబట్టి మొదటి పాఠమును గ్రహించుట శాసనపరిష్కర్తల యాచారము. భేద మొక్కటే. రేకు ఒక్కటే యుండును. దానిపై దిద్దుబాటును నొక్కటే. నాణెమున కట్లుగాదు. అచ్చును దిద్దిన పిదప దానినుండి వెలువడిన ప్రతినాణెమునను ఆ దిద్దుబాటు అదేచోట నదేరీతిని గానబడును.

ఇందువలన నితరవికారములనుండి దిద్దుబాటును వేరుచేయు లక్షణము సిద్ధించుచున్నది. సమ్మెట రెండుమారులు పడి బిళ్ల కదలినచో నక్షరములు జంటగా గనబడును. అది యా యొక్క నాణెమునకే పరిమితము, ఒక్క యక్షరము గాక పంక్తి యంతయు జరిగియుండును. పాతనాణెముపై కొత్తయచ్చు గొట్టినచో పాతబొమ్మ జాడలు మిగులును. అవి నాణెమునకు నాణెమునకు వేరుచోట నుండును. దీనికి మన చరిత్రలోనే ప్రసిద్ధోదాహరణము గలదు. 1906 లో నాసికసమీపమున జోగల్‌తెంబియందు దొరకిన పదుమూడువేలకు మించిన వెండినాణెములలో మూడింట రెండువంతులు నహపానునివై, గౌతమీపుత్ర శాతకర్ణి ముద్రలతో మరల గొట్టబడినవి. అవి రాజ్యము చేతులు మారినదనుటకు సాక్ష్యములు, అచ్చుదిద్దుబాటులు గావు. ఇక షరాబు పొడిచిన గురుతులు, ఉలిగాట్లు, గోటిగీతలు పల్లముగా నుండును, ఉబ్బుగా నుండవు. 1898 లో పుదుక్కోటయందు దొరకిన ఐదువందలయొక్క సువర్ణనాణెములలో మిక్కిలి పెక్కింటిపై చక్రవర్తి శిరస్సున కడ్డముగా ఉలిగా టున్నది. అచ్చు బీటవారినచో నాణెముపై సన్నని యుబ్బుగీటు లేచును. అది దినదినము పెరుగును గావున నే నాణెము ముందు, ఏది వెనుక యని నిర్ణయించుటకు దోడ్పడును. ఉబ్బైనది, ఒకే యచ్చునాణెము లన్నిటియందును స్థిరమైనది, ఒక యక్షరమునకు సంబంధించినది యేదో అదియే దిద్దుబాటు.

ఇప్పు డీ విచారము తెలుగుసీమ కెట్లు పనికివచ్చునో చూడవలెను. తరువాతి కాలపు రోమకసువర్ణముతోపాటు అనుకృతులును వీపనగండ్లవంటి చోట్ల దొరకుచున్నవని పైని జెప్పబడినది. అసలునాణెములు సముద్రవర్తకమునకు సాక్ష్యములు. అనుకృతులు ఆ నాణెమునకు ఈ దేశముననే యేర్పడిన గౌరవమునకును వాడుకకును సాక్ష్యములు. రెంటి నొకటిగా లెక్కించినచో ఐదవ ఆరవ శతాబ్దులందు, అనగా విష్ణుకుండినుల కాలమున, ఎంత బంగారము నిజముగా పడమటినుండి దిగినదో చెప్పు లెక్క తప్పిపోవును. కావున వేరుచేయుట యావశ్యకము. తూకము కొంత తోడ్పడును. ఒరగల్లు కొంత తోడ్పడును. కాని మంచి కంసాలి మంచి బంగారముతో సరితూకముగా జేసిన యనుకృతిని తూకమును ఒరగల్లును పట్టజాలవు. అక్షరములే పట్టవలెను.

లాటిను నెరుగని యనుకర్త బొమ్మను బొమ్మగా దింపినట్లే యక్షరమును గూడ బొమ్మగా దింపును. విజయలక్ష్మి రెక్క యెట్టిదో వాని కక్షరమును అట్టిదే. అందుచే కోనోబ్ కాస్త నాలుగైదు నిలువుగీటులును సున్నలును అగును. అక్షరములు కుడియెడమలు మారును. పేరు మధ్య దెగును. కర్మశాలావర్ణము అర్థములేని చుక్కగా మారును లేదా మాయమగును. వాని పనియందు తప్పులు మెండు. దిద్దుబాటులు మాత్రము పొడచూపవు. ఏలయన, తప్పని తెలిసినవాడే దిద్దును. బీటాను జెరిపి గామాగా మార్చినవానికి బీటా రెండనియు, గామా మూడనియు, ఈ యచ్చు మూడవశాలకు జెందవలెననియు దెలియును. అక్షరజ్ఞానము, సంఖ్యాజ్ఞానము, అధికారిభయము మూడును వానియందు గలవు. ఆ మూడును గలచోటు టంకశాల. ఇట్లు, చూచువానికి మచ్చగా దోచు గుబ్బయే నాణెముయొక్క కులీనతకు బలమైన సాక్ష్య మగుచున్నది.

దీనిపై నొక పూర్వపక్షము గలదు. అనుకర్త దిద్దుబాటుగల యసలునాణెమునే మాతృకగా గ్రహించినచో ఆ దిద్దుబాటు అనుకృతియందును గనబడదా యని. సమాధానము: కనబడవచ్చును గాని దిద్దుబాటుగా గనబడదు. అనుకర్తకు పాతయక్షరమును కొత్తయక్షరమును వేరని తెలియదు. రెంటిని గలిపి యొకే వింతరూపముగా, ఒకే లోతున, ఒకే యులితో జెక్కును. గుబ్బ యుండదు, లోతుభేద ముండదు. ఇక నసలునాణెముపై మట్టిమూస దీసి పోతపోసినచో గుబ్బయు దిగును. కాని పోతనాణెమునకు అంచున నాకురాయి జాడయు, తలమున సన్ననిరంధ్రములును, అక్షరముల కొనలందు మొద్దుదనమును నుండును. అవి దెబ్బకొట్టిన నాణెమున కుండవు. రెండవ పూర్వపక్షము: దిద్దుబాటులేని నాణెమంతయు ననుకృతియా? కాదు. దిద్దుబాటు గలుగుట సాధకమే గాని లేకుండుట బాధకము గాదు. అసలునాణెములందు పెక్కింటికి దిద్దుబాటు లుండవు. వ్యాప్తి యొకవైపుననే యున్నదని తార్కికులు గ్రహింతురు.

మరియొక హానిని గూర్చియు జెప్పవలెను. ఈ దేశమున నాణెములు ఆభరణములైనవి. తరువాతి కాలపు రోమకసువర్ణమునకు చక్రవర్తి శిరస్సుపైని రెండు బెజ్జములు ప్రక్కప్రక్కన వేయుట దక్షిణదేశపు టాచారముగా గనబడుచున్నది. కాసులపేరు ధరించు దేశమున నిది వింతగాదు. బెజ్జము ముఖమువైపు జూచి వేయుదురు. వెనుకవైపున నది యే యక్షరముపై బడునో చూడరు. అట్లు కర్మశాలావర్ణమో జీలలో నొకటియో పోవచ్చును. పురాతనులు వేసిన బెజ్జము చరిత్రలో భాగమే. నేటివారు వేయునది కేవలము నష్టము.

నాణెము దొరకినప్పుడు గ్రామమున మొదట నడుగబడువాడు తరుచుగా పాఠశాలా పండితుడు. పాత బంగారము దొరకిన కాపు కంసాలికడకు బోవుటకు ముందు ‘అయ్యవారూ, ఇది యే లిపి?’ అని యడుగుట కలదు. అప్పు డాతడు చేయదగిన పను లివి. చింతపండుతోను బూడిదతోను తోమనీయరాదు. అక్షరములను తనకు దోచినట్లు గాక కనబడినట్లు, విరిగినదానిని విరిగినట్లు, తలక్రిందైనదానిని తలక్రిందుగ వ్రాసికొనవలెను. ఊహించి పూరించిన యక్షరము లేనియక్షరముకంటె చెడ్డది. పలుచని కాగితమును నాణెముపై బరచి పెన్సిలుతో మెల్లగా రుద్ది రెండువైపుల ముద్రలు దీయవలెను. లేక రెండువైపులకును అంచునకును ప్రక్కవెలుగున ఛాయాచిత్రములు దీయవలెను, ఏలయన గుబ్బ ప్రక్కవెలుగుననే నీడ నిచ్చును. తూకము గ్రాములలో వ్రాయవలెను. దొరకినచోటు, కుండ, తోడివస్తువులు గుర్తింపవలెను. 1878 వ సంవత్సరపు నిక్షేపశాసనము ప్రకారము భూమియందు దొరకిన పదిరూపాయలకు మించిన నిక్షేపమును కలెక్టరునకు దెలుపుట దొరకినవాని విధి. ఆ శాసనమే దొరకినవానికి హక్కులను గూడ జెప్పుచున్నదని వానికి బోధింపవలెను. భయమే నాణెములను మూసలోనికి ద్రోయుచున్నది.

నెల్లూరికాపు నేరస్థుడు గాడు. బంగారము బంగారముగా గనబడెను. అక్షర మక్షరముగా గనబడలేదు. వానికి దానిని జూపగలవాడు ప్రక్కను లేకపోయెను. అల్లూరి శాసనకర్త దీపముప్రక్కను ‘యోనక’ మని యొక్కపదము వ్రాసినందువలన, ఆ దీపము కరగి యెన్నాళ్లైనను దాని జన్మదేశము మిగిలినది. నాణెముపై నట్టి పదమును టంకశాలవాడే వ్రాసిపెట్టినాడు. తప్పినచోట దిద్దియు బెట్టినాడు. దానిని జదివి, యున్నదున్నట్లు పత్రమున కెక్కించుట మాత్రమే నేటివారికి మిగిలిన పని.